చివరి మాట వాలిది

మా ఊళ్లో రామాయణం చదివినవాళ్లకన్నా ఆడినవాళ్లే ఎక్కువ. జగిత్యాల నుంచి ధర్మపురి పోయే రోడ్డు మీద బస్సు దిగి, చెరువు కట్ట వెంట లోపలికి నడిస్తే వచ్చే ఊరు మాది. వరికోతలయి కల్లాలు ఖాళీ కాగానే ఎవరో ఒకరు చిరుతల రామాయణం మాట ఎత్తేవారు. పక్క ఊరికి పోయి గురువును మాట్లాడుకొచ్చేవారు. ఆయనకు ఇన్ని పైసలు, ఇన్ని వడ్లు, పూటకో ఇంట్లో బువ్వ. ఇక రోజూ రాత్రి అన్నాలు తిన్నాక హనుమాండ్ల గుడి ముందు గజ్జెల మోతే.

చిరుతలంటే చేతిలో ఇమిడే కర్రముక్కలు, వాటికి మోగే చిన్న ఇత్తడి బిళ్లలు. వేషగాళ్లు గుండ్రంగా తిరుగుతూ, చిరుతలు వాయిస్తూ, దరువులు పాడుతూ కథ నడుపుతారు. పక్కన గురువు హార్మోనియం, మద్దెల, తాళాలు. ఆడేవాళ్లెవరికీ ఇది వృత్తి కాదు. పగలు నాగలి పట్టినవాడు, బట్టలు కుట్టినవాడు రాత్రికి దశరథుడో గుహుడో అవుతాడు. సీత, కైక, శూర్పణఖ అందరూ మగవాళ్లే. నెలల తరబడి నేర్చుకుని, చివరికి కిరీటాలు పెట్టి వరుసగా కొన్ని రాత్రులు ఆడి, పట్టాభిషేకంతో ముగిస్తారు.

తొంభైల మొదట్లో అట్లా ఒక ఏడు నాకు సుగ్రీవుడి వేషం పడింది. అప్పుడు ఇంటర్ చదువుతూ రోజూ ఊరి నుంచే జగిత్యాలకు పోయివచ్చేవాడిని. వాలి వేషం గౌండ్ల మామది. కులాలు వేరైనా వరసలు వరసలే. నేను మామా అంటే ఆయన అల్లుడా అనేవాడు. నాకన్నా జానెడు పొడుగు, తాళ్లెక్కీ ఎక్కీ గట్టిపడ్డ దండలు. మా గదలు వెదురుకర్రకు గుడ్డపీలికలు చుట్టి, పైన బేగడ కాగితం అంటించినవి. గుడ్డవే అయినా మామ చేతిలోంచి ఊపుగా వస్తే దవడ వాచేది. అందుకే కాబోలు, గురువు మొదటి రోజే యుద్ధం సంగతి విడిగా చెప్పాడు.

"దరువు ఆగినకాడ దెబ్బ. గద ఒంటికి జానెడు దూరంల ఆగాలె. దెబ్బ నువ్వెయ్యి. తాకిందో లేదో వాడు జెప్తడు. నీ పాటల నువ్వే వాడు వడ్డడని పాడద్దు."

వినడానికి చిన్న మాటే. కానీ ఆ చలికాలమంతా గురువు మాతో కొట్లాడింది దీనికోసమే. ఇంద్రజిత్తు వేషం కట్టిన దర్జీ అన్న లక్ష్మణుడి మీద బాణం వేసి ఊరుకునేవాడు కాదు. గుండె పట్టుకుని, కళ్లు తేలేసి, ఎదుటివాడు ఎట్లా పడాలో తానే చూపించేవాడు. లక్ష్మణుడేమో ఆ బాణం తనకు తాకనేలేదన్నట్టు నవ్వుతూ నిలబడేవాడు. ఇద్దరికీ పడేది కాదు. ఒకనాడు గురువు హార్మోనియం ఆపి, "నీ సావు నువ్వు సావు. వాని సావు వాన్ని సావనియ్యి" అన్నాడు. తర్వాత లక్ష్మణుడి వైపు తిరిగి, "నువ్వు పది దెబ్బలకు పది తప్పించుకుంటే గీడ యుద్ధం ఎందుకురా, ఇంటికి పో" అన్నాడు. అందరం నవ్వాం. దర్జీ అన్న మాత్రం నవ్వలేదు. మరుసటి రోజు నుంచి బాణం వేసి, విల్లు దించి, ఎదుటివాడి వంతు అయ్యేదాకా ఆగడం మొదలుపెట్టాడు.

గౌండ్ల మామ ఇబ్బంది ఇంకో రకం. రెండో యుద్ధం వచ్చేసరికి ఆయన చూపు మాటిమాటికీ చెట్టు వైపు పోయేది. చెట్టంటే గుడి పక్క వేపచెట్టే. దాని వెనకే రాముడు విల్లు ఎక్కుపెట్టి ఉంటాడు. బాణం ఎప్పుడొస్తుందో మామకు తెలుసు కాబట్టి ఒళ్లు ముందే బిగిసేది. "సూడకుంటే ఎట్ల పంతులూ, తార జెప్పె గదా రాముడొచ్చిండని" అన్నాడు మామ. నిజమే. కిష్కింధకాండలో రెండోసారి సుగ్రీవుడు కేక వేసినప్పుడు తార అడ్డుపడుతుంది. దెబ్బలు తిని పారిపోయినవాడు ఇంత తొందరగా మళ్లీ వచ్చాడంటే వెనక ఎవరో ఉన్నారని, రాముడితో చెలిమి అయిందని చెప్తుంది. రాముడు ధర్మం తెలిసినవాడు, నా జోలికి ఎందుకొస్తాడని వాలి ఆమె మాట తోసేస్తాడు. గురువు ఆ ముక్కే పట్టుకున్నాడు. "తార జెప్పింది చెలిమి సంగతి. చెట్టు సంగతి ఎవ్వలు జెప్పలే. నీకు ఎరుకైంది వాలికి ఎరుకలేదు. చెట్టు దిక్కు చూసినవంటే వాలి పోయిండు, నువ్వే మిగిలినవు."

నా వంతు కష్టం మరోటి ఉంది. వాల్మీకంలో లేకపోయినా జనం నోట్లో ఉన్న సంగతి: ఎదురు నిలిచినవాడి బలంలో సగం వాలికి వస్తుందని వరం. మా ఆటలో ఆ వరానికి ఒక దరువే ఉంది. దరువు పాడగానే మామ ఛాతీ విరుచుకుని నిలబడేవాడు, నేను మామూలుగా ఎగిరేవాడిని. ఎంత పాడినా వరం పనిచేస్తున్నట్టు కనిపించేది కాదు. గురువు నన్ను పిలిచి, ఆ దరువు తర్వాత నా అడుగు సగానికి తగ్గించమన్నాడు. గద రెండు చేతులతో ఎత్తమన్నాడు. అంతే, మామ ఏమీ చేయకుండానే రెండింతలు కనిపించాడు. బలం వాలిదే, దాన్ని చూపించాల్సింది మాత్రం సుగ్రీవుడు. వేషాల లోకంలో ఎవడి గొప్పా వాడి దగ్గర ఉండదని నాకు ఆ రాత్రి తెలిసింది.

ఆ రోజుల్లో మా దిక్కు రాత్రిపూట జనం గుమిగూడటం ఉత్త మాట కాదు. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. మేము వేషాలు కట్టేనాటికి నక్సలైట్ల పీపుల్స్‌వార్ పార్టీ మీద నిషేధం, ఊళ్ల మీద గాలింపులు. ఆట ఉందంటే ముందుగా ఠాణాలో చెప్పి రావలసిందే. వాలి వధ ఆడిన రాత్రి జీపు రానే వచ్చింది. పోలీసులు దిగి, కిరీటాలు పెట్టుకున్న మమ్మల్ని వరుసగా నిలబెట్టి గదలు, విల్లులు, కత్తులు తిప్పి తిప్పి చూశారు. ఒక జవాను బేగడ కాగితం గీకి లోపల వెదురేనని తేల్చుకున్నాడు. నా మొహం మీది సఫేదా చెమటకు కారి కంట్లో పడుతోంది, తుడుచుకోవడానికి భయం. "మీ అసలు పేర్లు చెప్పండ్రి" అన్నారు. సుగ్రీవుడు, వాలి, హనుమంతుడు, అంగదుడు వరుసగా తండ్రి పేరుతో సహా చెప్పాం. తర్వాత వాళ్లు పోలేదు. జీపు దీపాలు ఆర్పి, దాని బానెట్‌కు ఆనుకుని ఆట చూశారు.

మొదటి యుద్ధంలో నేను తన్నులు తిని పారిపోయాను. అన్నదమ్ములిద్దరూ ఒక్క తీరుగా ఉన్నారు, ఎవరో గుర్తుపట్టలేక బాణం వేయలేదని రాముడు అన్నాడు. లక్ష్మణుడు నా మెడలో దండ వేశాడు. పురాణంలో అది గజపుష్పి తీగ. మాకు దొరికింది బంతిపూలు. రెండో యుద్ధంలో దరువు ఆగిన చోట, నేను నేల మీద ఉండగా, మామ గద పైకెత్తి ఉండగా, వేపచెట్టు వెనక నుంచి బాణం వచ్చింది. మామ చెట్టు వైపు చూడలేదు. తన ఛాతీ వైపు చూసుకున్నాడు. నావైపు చూశాడు. అప్పుడు తల తిప్పి వెతికాడు, ఇది వేసిందెవరని.

మామ పడటానికి చాలాసేపు పట్టింది. ముందు గద జారింది. ఒక మోకాలు ఆనింది. చెయ్యి నేల మీద ఆనించి, ఆనలేదన్నట్టు మళ్లీ లేపి, పక్కకు ఒరిగాడు. ఒక్క దెబ్బ కూడా ఒంటికి తగలని మనిషి అట్లా పడుతుంటే ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అక్కడి నుంచి మాట వాలిది. మా ఆటలో రాముడి తర్వాత అంత పొడుగు పాఠం ఇంకెవరికీ లేదు. నేను వేరొకరితో కొట్లాడుతుంటే చాటు నుంచి కొట్టడం ఏం ధర్మమని, నీకూ నాకూ పగ ఏమిటని, ఎదురుగా వస్తే తెలిసేది కదా అని పడి ఉండే అడుగుతాడు. తమ్ముడి భార్యను చెరబట్టినవాడికి ఇది దండన అని, శాఖామృగాన్ని చాటు నుంచి వేటాడటం తప్పు కాదని రాముడు జవాబు చెప్తాడు. మైకు అద్దె పెరుగుతోందని, ఆ సంవాదం సగానికి కోయమని ఊరి పెద్దలు గురువుకు ముందే చెప్పారు. ఆయన ఒప్పుకోలేదు. వాలి అడిగేవన్నీ అడగాలి, రాముడు చెప్పేవన్నీ చెప్పాలి. ఒక దిక్కు కోస్తే రెండో దిక్కు అబద్ధమైపోతుందని ఆయన వాదన. చివరికి వాలి అంగదుణ్ని అప్పగించి, మెడలోని బంగారు హారం తీసి సుగ్రీవుడికి ఇస్తాడు. పడుకున్న మామ తల ఎత్తి, తన మెడలోని జరీ కాగితం హారం నాకు వేస్తూ, పాఠంలో లేని మాట ఒకటి అన్నాడు: "మంచిగ ఏలుకో అల్లుడా." తమ్ముడు అల్లుడైనందుకు ఎవరూ నవ్వలేదు. జీపుకు ఆనుకున్నవాళ్లు వాలి కన్ను మూసేదాకా కదలలేదు.

ఆట అయ్యాక గద్దె మీద పెద్ద పంచాయితీ. రాముడు చేసింది న్యాయమా కాదా? తమ్ముడి భార్యను తెచ్చుకున్నాడు కాబట్టి సరిపోయిందని కొందరు. తప్పు చేసినవాణ్నైనా పిలిచి కొట్టాలె గానీ గట్ల కొడతారా అని కొందరు. తెల్లవారి బావి దగ్గర ఆడవాళ్లు అదే మాట. నాకు అప్పుడు వింత అనిపించింది ఏమిటంటే, మామ మీద ఎవరికీ కోపం లేదు. వారం కిందట కల్లులో నీళ్లు కలిపాడని ఆయనను తిట్టిన ఇండ్లలోనే ఆ వారమంతా వాలి గురించి మంచిగా మాట్లాడారు.

దీనికి పూర్తిగా తిరగబడ్డ సంగతి రావణవధ రాత్రి జరిగింది. రావణుడి వేషం ఊళ్లో పెద్ద రైతుది. అందరం పటేలా అనేవాళ్లం. మనిషి, గొంతు, మీసం అన్నీ దానికి తగ్గవే. ఆట మధ్యలో చదివింపులు మామూలు. ఎవరైనా ఒక వేషం నచ్చి పైసలిస్తే మైకులో పేరు చదువుతారు. ఆ రాత్రి పటేలు చుట్టాలు పక్క ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. "రావణాసురుడి పాత్రకు ఫలానా వారు యాభై ఒక్క రూపాయలు" అని మైకు అరుస్తున్నంతసేపూ రావణుడు మీసం తిప్పి ఒక చుట్టు తిరిగేవాడు. రాముడి వేషం పదో తరగతి పిల్లగాడిది. వాడు బాణం వేస్తాడు, రావణుడు నవ్వి పక్కకు జరుగుతాడు. మళ్లీ బాణం, మళ్లీ చదివింపు, మళ్లీ చుట్టు. కడుపులో అమృతభాండం ఉందని విభీషణుడు గుట్టు చెప్పాడు. బ్రహ్మాస్త్రం కూడా పోయింది. రావణుడు పడలేదు. మద్దెల కొట్టేవాడి చేతులు పడిపోయాయి కానీ పటేలు పడలేదు. పిల్లగాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

పటేలుకు ఎదురు చెప్పేవారెవరు? గురువు హార్మోనియం దగ్గర నుంచి లేచి, నెమ్మదిగా మైకు దగ్గరకు పోయి చేత్తో తీసుకున్నాడు. "చదివింపులు ఇంకా చాన వచ్చినయి. రావణబ్రహ్మ పడ్డంక, ఆయన పండుకున్నకాడికే వచ్చి, ఒక్కొక్క పేరు చదువుతం. అప్పటిదాకా చదివేది లేదు" అన్నాడు. పోయి మళ్లీ హార్మోనియం ముందు కూర్చున్నాడు. తర్వాతి బాణానికి పటేలు పడ్డాడు. అట్లాంటి ఇట్లాంటి పడటం కాదు. పది తలల అట్ట కిరీటం ఒక దిక్కు, కత్తి ఒక దిక్కు, ఆయన నేల అదిరేటట్టు నడుమ. మండోదరి వచ్చి ఏడ్చింది. గురువు మాట నిలబెట్టుకున్నాడు: పడి ఉన్న రావణుడి పక్కన నిలబడి పేర్లు చదివించాడు. నిలబడ్డప్పుడు వచ్చినదానికన్నా పడ్డాక వచ్చిన పైసలే ఎక్కువ. కళ్లు మూసుకున్న పటేలు పెదాల మీద నవ్వు ఆగలేదు.

మరునాడు పైసలు పంచుకుంటుంటే గురువును అడిగాను, ఆ ఉపాయం ఎట్లా తట్టిందని. "పడ్డోడు గెలిచినోనికి పని జేసిపెట్టిండు. వాడు పడకపోతే నువ్వెక్కడ గెలుస్తవ్? గందుకే మాటన్న, మర్యాదన్న, పైసన్న పడ్డోనికి ముందుగాల ముట్టాలె" అన్నాడు.

తర్వాత చాలా కళలు చూశాను. వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములు తల మీద కుండ కదలకుండా ఆడుతూ ఒగ్గుకథ చెప్పిన కాలం మాది. ఒగ్గుకథలో ఇట్లాంటి తగువే రాదు. కొట్టేవాడూ పడేవాడూ ప్రధాన కథకుడి నోట్లోనే ఉంటారు. చిందు యక్షగానంలో వేషగాళ్లు వేరైనా చిన్నప్పటి నుంచి ఒకే మేళంలో పెరిగినవాళ్లు. తెర దించకముందే ఎవరు ఎంతసేపు నిలవాలో కళ్లతో మాట్లాడుకుంటారు. పద్మశ్రీ గడ్డం సమ్మయ్య లాంటి వాళ్లది అట్లా తరాల నుంచి వచ్చిన విద్య. చిక్కంతా మా లాంటి వాళ్లతోనే. పగలు ఎవరి బతుకు వారిది, రాత్రి ఇద్దరం కలిసి ఒక యుద్ధాన్ని పుట్టించాలి. అందులో ఎవడి మనసులో వాడు గెలవాలనే ఉంటుంది.

నాకు ఉద్యోగం వచ్చింది మంచిర్యాలలో. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా అది ఆదిలాబాద్ జిల్లాయే. 2020లో లాక్‌డౌన్ పడ్డాక మా చెల్లె బిడ్డ హాస్టల్ నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. రోజంతా ఫోన్‌లో టైపు చేస్తూ ఉండేది. సినిమా చూడదు, మాట్లాడదు, వేళ్లు మాత్రం ఆగవు. అడిగితే చెప్పింది: తామంతా కలిసి ఒక కథ ఆడుతున్నారట. ఒక పాత కోట, దాని మీదికి వచ్చే శత్రువులు. తను కోట కాపలాదారు. ఒక్కొక్కరు ఒక్కో వేషం. బొమ్మలుండవు, గొంతులుండవు. వంతులవారీగా నాలుగైదు వాక్యాలు రాసుకుంటూ కథ నడుపుతారు. అక్షరాలు ఇంగ్లిష్‌వి, మాట తెలుగు. మంచిర్యాల, కరీంనగర్, కోరుట్ల పిల్లలు. ఒకడు సౌదీలో పనిచేస్తున్నాడు.

ఒకరోజు పొద్దున ఏడ్చిన మొహంతో వచ్చి ఫోన్ చేతిలో పెట్టింది. "నువ్వే చూడు మామా, ఎవలది తప్పో." చదివాను.

తను రాసింది: "నా బల్లెం మంత్రగాడి కుడి భుజంలోంచి దూసుకుపోయింది. వాడు మోకాళ్ల మీద పడ్డాడు."

మంత్రగాడు రాసింది: "బల్లెం తాకకముందే పొగనై మాయమయ్యాను. ఇప్పుడు నీ వెనక ఉన్నాను. నీ మెడ నా చేతిలో ఉంది."

మళ్లీ తను: "నువ్వు వెనక నుంచి వస్తావని నాకు ముందే తెలుసు. మెడకు ఇనుప పట్టీ వేసుకున్నాను."

మూడు పోస్టుల్లో మా గుడి ముందు నెలల తరబడి నడిచిన గొడవంతా ఉంది. మొదటిదాంట్లో ఎదుటివాడి చావు వీళ్లే చస్తున్నారు. రెండోదాంట్లో వాడికి ఏ దెబ్బా తాకదు, వాడి దెబ్బ మాత్రం తాకి తీరుతుంది. మూడోదాంట్లో చెట్టు వెనక ఎవరున్నారో వాలికి తెలిసిపోయింది. నేను గౌండ్ల మామ సంగతి, దర్జీ అన్న సంగతి చెప్తే పిల్ల ఏడుపు మరిచి నవ్వింది. "గీటికి పేర్లున్నయి మామా" అంది. ఎదుటివాడి వేషాన్ని తానే నడపడం, తనకు ఓటమే లేకుండా రాసుకోవడం గాడ్‌మోడింగ్. ఆడేవాడికి తెలిసింది వేషానికి తెలిసినట్టు రాయడం మెటాగేమింగ్. లోకంలో ఎక్కడ ఆడినా ఇవి రెండూ తప్పేనట.

మరి తప్పని తెలిసీ ఎందుకు చేస్తారు? ఇట్లాంటి ఆటల చరిత్ర కొంత చదివాక అర్థమైంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చు వేసినప్పుడు దెబ్బ తాకిందో లేదో పాచికలు చెప్పేవి. పైన కథ నడిపే మనిషి ఒకడు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ పెంచిన మడ్ అనే అక్షరాల ఆటలో ఆ పని కంప్యూటర్‌ది. ఉత్త రాతతో ఆడుకునే పిల్లలకు పాచికా లేదు, యంత్రమూ లేదు. నేను కొట్టాను, తాకిందని నువ్వు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మూడో సాక్ష్యం లేదు. అంటే ఇంత దూరం వచ్చి వాళ్లు నిలబడ్డది మా గుడి ముందరి వాకిట్లోనే.

గురువు చెప్పినట్టు దెబ్బలో సందు ఉంచమన్నాను. ఆ సాయంత్రం పిల్ల పోస్టు మార్చి రాసింది: "బల్లెం వాడి కుడి భుజం మీదికి విసిరాను. తడి రాయి మీద కాలు జారింది, గురి కొంచెం కిందికి పోయి ఉండొచ్చు." ఇప్పుడు ఎదుటివాడికి మూడు దారులున్నాయి: తప్పించుకోవచ్చు, గీరుకుందనొచ్చు, దిగిందనొచ్చు. వాడు "భుజం తప్పింది, కానీ మోచెయ్యి దగ్గర గీరుకుంది, ఇక ఆ చెయ్యి పైకి లేవదు" అని రాశాడు. వాడి మంత్రాలన్నీ ఆ చేతితోనే కాబట్టి ఆట అక్కడి నుంచి రసకందాయంలో పడింది.

అసలు దెబ్బ వేరే దిక్కు నుంచి వచ్చింది. మంత్రగాడు సౌదీ పిల్లగాడే. అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా; అతని డ్యూటీ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. ఒకరోజు వంతు అతనిది, అతను పనిలో ఉన్నాడు. ఇక్కడివాళ్లు ఆగలేక ముగ్గురు కలిసి మంత్రగాడి మీద పడి, ఏడు పోస్టుల్లో చంపి, శవాన్ని కాల్చి, కోట మీద జెండా కూడా ఎగరేశారు. మా పిల్ల ఆపబోతే వినలేదు. అర్ధరాత్రి దాటాక అతను ఒకే ఒక్క మాట రాశాడు: "నేను డ్యూటీల ఉన్న. చంపిన్రా?"

ఆ మాట చదివి నాకు భారతంలోని సౌప్తికపర్వం గుర్తొచ్చింది. యుద్ధం అయిపోయాక రాత్రి శిబిరంలో జొరబడి, నిద్రపోతున్న ధృష్టద్యుమ్నుణ్ని, ఉపపాండవులను అశ్వత్థామ చంపుతాడు. పద్దెనిమిది రోజుల్లో అన్ని నియమాలూ ఒక్కొక్కటే తెగిపోయాక మిగిలిన నియమం, నిద్రలో ఉన్నవాణ్ని కొట్టకూడదన్నది, ఆ రాత్రి తెగింది. యుద్ధానికి ముందు రెండు పక్షాలూ కూర్చుని ఒప్పందాలు చేసుకున్నాయని భీష్మపర్వం చెప్తుంది. రథికుడు రథికుడితోనే, కాలిబంటు కాలిబంటుతోనే. ఆయుధం లేనివాణ్ని, మరొకరితో పోరాడుతున్నవాణ్ని, వెన్ను చూపినవాణ్ని కొట్టకూడదు. ముందుగా చెప్పి కొట్టాలి. అందులోనే ఇంకో నియమం: మాటలతో యుద్ధానికి దిగినవాడితో మాటలతోనే తలపడాలి. గదాయుద్ధంలో బొడ్డు కింద కొట్టరాదన్నది తెలిసిందే. భీముడు దుర్యోధనుడి తొడ విరగ్గొట్టినప్పుడు బలరాముడు నాగలి ఎత్తి మీదికి పోయాడు. గెలిచినవాళ్లు పాండవులే అయినా ఆ తొడ సంగతి ఈ రోజుకూ జనం మరిచిపోలేదు.

ఇదంతా నేను పిల్లలకు ఉపన్యాసంగా చెప్పలేదు. మా పిల్లకు చెప్పాను, తను తన తీరులో అక్కడ పెట్టింది. రెండు రాత్రులు కొట్లాడుకున్నారు. చంపిన ముగ్గురిలో ఒకడు, ఆటకు సమయానికి రానివాడి కోసం ఎన్నాళ్లు ఆగాలన్నాడు. అదీ న్యాయమైన మాటే. చివరికి ఆ ఏడు పోస్టులూ లెక్కలోంచి తీసేశారు. వంతు వచ్చినవాడికి ఒక రోజు గడువు, డ్యూటీ ఉంటే రెండు రోజులు. అప్పటికీ రాకపోతే వాడి వేషం కోటలో ఒక మూలకు పోయి దాక్కున్నట్టు, చచ్చినట్టు మాత్రం కాదు. దెబ్బ వేసేవాడు ప్రయత్నమే రాయాలి. ముగ్గురి మీద ముగ్గురు అయితే సరే, ఒక్కడి మీదికి ముగ్గురు పోవాలంటే ఆ ఒక్కడు ఒప్పుకోవాలి. ఆఖరి నియమం మా పిల్ల పట్టుబట్టి పెట్టించింది: యుద్ధం అయ్యాక చివరి పోస్టు ఓడినవాడిది. వాడు ఎంత పొడుగు రాసినా ఎవరూ మధ్యలో రావద్దు.

ఆ నియమం ముందుగా వాడుకున్నది సౌదీ పిల్లగాడే. కోట యుద్ధం మళ్లీ సరిగ్గా జరిగింది. ఈసారి అతను నిజంగానే ఓడాడు, తానే ఒప్పుకుని ఓడాడు. మంత్రగాడి చావు అతను ఫోన్ తెర నాలుగుసార్లు జరిపితే తప్ప అయిపోనంత పొడుగు రాశాడు. మంత్రాలు నేర్పిన ముసలామె ఊరు, ఆ ఊరి చెరువు, తను ఈ కోట మీదికి ఎందుకు వచ్చాడో, కోటలోని వాళ్లకు ఏమి అప్పగించి పోతున్నాడో అన్నీ మా దిక్కు మాటల్లో. కింద ఇరవై ముప్పై మెచ్చుకోళ్లు. వాళ్లలో చాలామంది గెలిచిన కాపలాదారు గురించి ఒక్క ముక్క రాయలేదు. మా పిల్ల దానికి కొంచెం చిన్నబుచ్చుకుంది గానీ, తర్వాతి కథలో తనకు ఓడిపోయే వేషం కావాలని ముందుగా చేయి ఎత్తింది. తర్వాత అదే పోటీ అయింది: ఎవరు బాగా పడతారు అని. గెలిచే వేషానికి బతిమాలవలసి వచ్చేది.

చాటు నుంచి కొట్టే సంగతి దగ్గర మాత్రం పేచీ తెగలేదు. ఇద్దరు కొట్లాడుతుంటే మూడోవాడు రావాలంటే ముందే రాసి చెప్పాలని నియమం పెడుతుంటే ఒక పిల్లగాడు అడ్డం తిరిగాడు. దాక్కుని కొట్టడమూ యుద్ధమే, వేటగాడి వేషం కట్టినవాడు ఏం చేయాలి అన్నాడు. గట్లయితే రాముడు కూడా తప్పు చేసినట్టేనా అని గట్టిగా అడిగాడు. వేషం దాక్కోవచ్చు, ఆడేవాడు దాక్కోవద్దని మా పిల్ల జవాబు. చెట్టు వెనక ఉన్నట్టు కథలో వాలికి తెలియనక్కర లేదు. వాలి వేషం కట్టినవాడికి మాత్రం ముందే తెలియాలి, వాడు సరేనన్నాకే బాణం. గౌండ్ల మామకు తెలుసు కదా, తెలిసీ చూడలేదు కదా అని నా కథే నాకు తిప్పి చెప్పింది.

ఆ పిల్లగాడు ఇంకా ఒప్పుకోకుండా, రాముడు అడిగి కొట్టాడా అని మళ్లీ అడిగితే, మా పిల్ల వాడికి ఫోన్ చేసి మరీ చెప్పింది: "రాముడు మన గ్రూపుల లేడు తమ్మీ. ఉంటే ఆయన గూడ ముందుగాల అడగాలె."